మేడ ఉన్నోడికే సూర్యుడా?

ఈ మధ్య మా ఆఫీసులో లంచ్ టైములో షేర్ మార్కెట్ కబుర్లు తగ్గి సోలార్ కబుర్లు పెరిగాయి. మా టీములో ఇద్దరు ఇంటి మీద మూడేసి కిలోవాట్లు పెట్టించుకున్నారు. రోజూ మొబైల్లో యాప్ తెరిచి "ఇవాళ పదమూడు యూనిట్లొచ్చాయి" అని, పిల్లాడికి వచ్చిన మార్కులు చెప్పినట్టు చెప్తుంటారు. బావుంది, సంతోషమే. ఎక్సెల్ షీట్లో లెక్కలేసి మరీ చూపిస్తారు, ఎన్నాళ్లకి పెట్టుబడి వెనక్కొస్తుందో. ఆ షీటు నేనూ అడిగి తీసుకున్నాను. ఇంటికొచ్చి అందులో మా ఊరి అంకెలు వేసి చూశాను. ఈ టపా అందుకే.

నాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం వైపు. అత్తారిది విజయనగరం. అంచేత నేను "మా ఊరు" అన్నప్పుడల్లా ఈ రెండు జిల్లాల్లో ఏ ఊరైనా అనుకోండి, పెద్ద తేడా ఉండదు.

ముందు పథకం సంగతి. ప్రధానమంత్రి సూర్యఘర్ 2024 ఫిబ్రవరి 13న మొదలైంది. కేటాయింపు 75,021 కోట్లు, లక్ష్యం కోటి ఇళ్లు. మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాట్ కి 30 వేలు చొప్పున, మూడో కిలోవాట్ కి 18 వేలు కేంద్రం ఇస్తుంది. మొత్తం మీద 78 వేలు దాటదు. కిలోవాట్ ఖర్చు సుమారు 60 వేలు అనుకుందాం. ఒక కిలోవాట్ ప్యానెల్ నెలకి సుమారు 120 యూనిట్లు ఇస్తుందనుకుందాం.

ఇప్పుడు విశాఖపట్నంలో నెలకి 400 యూనిట్లు వాడే ఒక ఇల్లు తీసుకోండి. ఏసీ, గీజరు, వాషింగ్ మెషిను, మన బాపతే. ఆంధ్రప్రదేశ్ 2025-26 టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకి 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. ఫిక్స్‌డ్ చార్జీలూ సర్దుబాటు చార్జీలూ పక్కన పెడితే బిల్లు 2,548 రూపాయలు. మూడు కిలోవాట్లు పెట్టగానే 360 యూనిట్లు తగ్గి, బిల్లు 87 రూపాయలకొస్తుంది. నెలకి 2,461 మిగులు. చేతి నుంచి పెట్టింది లక్షా రెండు వేలు. మూడున్నరేళ్లలో డబ్బు వెనక్కి. ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇస్తుందండీ ఇంత?

అదే షీట్లో మా ఊళ్లో 60 యూనిట్లు వాడే ఇల్లు వెయ్యండి. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ. బిల్లు 147 రూపాయలు. ఒక్క కిలోవాట్ పెడితే బిల్లు సున్నా అయిపోతుంది, నిజమే. కానీ మిగిలేది ఆ 147 మాత్రమే. సబ్సిడీ పోను పెట్టాల్సింది 30 వేలు. వెనక్కి రావడానికి పదిహేడేళ్లు! ఈలోగా ఇన్వర్టర్ ఒకసారైనా మార్చాలి.

ఇది ఎవరి కుట్రా కాదు. ఎక్కువ వాడినోడికి స్లాబు రేటు ఎక్కువ కాబట్టి మిగులూ ఎక్కువ. ఎక్కువ కిలోవాట్లు పెట్టగలిగినోడికి సబ్సిడీ ఎక్కువ. రెండూ ఒకే ఇంటికి చేరతాయి. పై స్లాబు వాడికి 78 వేలు, కింది స్లాబు వాడికి 30 వేలు, అదీ వాడు ముందు తన వాటా తెచ్చి పెడితే. చెప్పొద్దూ, ఆ షీటు చూశాక మా టీమ్ వాళ్ల యాప్ అంత ముద్దుగా కనబడలేదు.

మా చినమావ కొడుకుతో ఫోన్లో ఈ మాటే అంటే వాడు పడీ పడీ నవ్వాడు. "ఏటి బావా, మా ఇంటి మీద రేకు తప్ప ఏటుంది? దాని మీద నువ్వు సెప్పిన అద్దాలెడితే గాలికి రేకూ ఎగిరిపోద్ది, అద్దమూ ఎగిరిపోద్ది. నూటేభై రూపాయల బిల్లుకి ముప్పై వేలు ఎవుడెడతాడు?" నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. మా వైపు ఊళ్లలో స్లాబు వేసిన మంచి ఇళ్లు చాలా వాటికి తాళాలుంటాయి. ఇంట్లో వాళ్లు హైదరాబాదులోనో చెన్నైలోనో పనుల్లో ఉంటారు, సంక్రాంతికో జాతరకో వస్తారు. అంటే కప్పు ఉన్న చోట వాడేవాడు లేడు, వాడేవాడు ఉన్న చోట కప్పు లేదు. హైదరాబాదులో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్లో ఉన్న నాదీ అదే పరిస్థితి అనుకోండి, టెర్రస్ మీద వాటర్ ట్యాంకులూ సెల్ టవరూ పోగా నా వాటాకి చాప పరుచుకునే చోటు కూడా మిగల్లేదు.

రాష్ట్ర ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదంటే అబద్ధం. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి రెండు కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టే కార్యక్రమం తెచ్చింది. బీసీలకి కేంద్రం సబ్సిడీ మీద రెండు కిలోవాట్లకి ఇంకో 20 వేలు కలిపింది. 2024 అక్టోబరులో వచ్చిన సమగ్ర క్లీన్ ఎనర్జీ పాలసీ 160 గిగావాట్ల లక్ష్యం పెట్టుకుంది. నారావారిపల్లెలో ఇంటింటికీ ప్యానెళ్లు పెట్టి పైలట్ గా చూపించారు. (పైలట్ ప్రాజెక్టులకి ముఖ్యమంత్రుల సొంతూళ్లు ఎలా దొరుకుతాయో, అదో అదృష్టం. మా ఇచ్ఛాపురం వైపు పైలట్ అంటే విమానం నడిపేవాడే.) అయితే వీటన్నింటికీ మూలం ఒకటే డిజైను. మన భాషలో చెప్పాలంటే స్కీమా రాసినప్పుడే వన్-టు-వన్ రిలేషన్ పెట్టేశారు: ఒక ఇల్లు, ఒక కప్పు, ఒక మీటరు. ఆ మూడూ ఒక చోట కుదరని వాడు టేబుల్లోకే రాడు. తర్వాత ఎన్ని ప్యాచ్ లు వేసినా, సబ్సిడీ ఎంత పెంచినా, రేకుల ఇల్లు మేడ అవ్వదు కదా.

కమ్యూనిటీ సోలార్ అనేది ఈ స్కీమాని మార్చడమే. ప్లాంటు ఎక్కడో ఒకచోట ఉంటుంది. హైస్కూలు కప్పు మీద కావచ్చు, ఊరి చివర బంజరులో కావచ్చు. అందులో వాటా ఉన్న ప్రతి ఇంటికీ ఆ వాటాకి తగ్గ కరెంటు బిల్లులో జమ అవుతుంది. దీన్నే వర్చువల్ నెట్ మీటరింగ్ అంటున్నారు. అమెరికాలో మిన్నెసోటా 2013లోనే దీనికి చట్టం చేసింది. న్యూజెర్సీలో ఇప్పుడున్న కార్యక్రమంలో ఒక్కో ప్రాజెక్టు కరెంటులో కనీసం 51 శాతం తక్కువ, మధ్యస్థ ఆదాయాల ఇళ్లకి వెళ్లాలి. ఎడిసన్ లో అద్దె అపార్టుమెంట్లో ఉన్న నా పాత రూమ్మేట్ కూడా ఇలాంటి దాంట్లో చేరాడు. వాడు ఆ ప్యానెళ్లని ఇంతవరకూ కళ్లతో చూడలేదు, బిల్లు తగ్గడం మాత్రం చూశాడు. మన దేశంలో ఢిల్లీ విద్యుత్ నియంత్రణ మండలి 2019లో దీనికి మార్గదర్శకాలిచ్చింది. అంతెందుకు, సూర్యఘర్ కి కేంద్రం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే గ్రూప్ నెట్ మీటరింగ్, వర్చువల్ నెట్ మీటరింగ్ కింద పెట్టినవి కూడా లెక్కలోకొస్తాయని ఉంది. తలుపు తెరిచే ఉంది, నడిచేవాళ్లే తక్కువ.

ఇక్కడో మెలిక ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. కప్పు సమస్య తీరినంత మాత్రాన నా ఎక్సెల్ షీటు మారదు. వర్చువల్ గా అయినా సరే, 60 యూనిట్ల ఇంటికి యూనిట్లలో జమ చేస్తే మిగిలేది మళ్లీ ఆ 147 రూపాయలే. కాబట్టి జమ యూనిట్లలో కాదు, రూపాయల్లో ఉండాలి. ప్లాంటు ఇచ్చిన ప్రతి యూనిట్ కీ ఒక స్థిరమైన రేటు, అది వాటాదారు బిల్లులోకి, బిల్లు పోగా మిగిలింది బ్యాంకు ఖాతాలోకి.

ఎంత రేటు? గుజరాత్ లో ఖేడా జిల్లా ఢుండి అనే ఊళ్లో 2016లో ఆరుగురు రైతులు సోలార్ పంపుల సహకార సంఘం పెట్టుకున్నారు. పొలం తడిపాక మిగిలిన కరెంటు అక్కడి డిస్కం యూనిట్ 4.63 చొప్పున కొంది, పాతికేళ్ల ఒప్పందం మీద. ఆ రేటే మా ఊరి ఒక కిలోవాట్ వాటాకి ఇస్తే నెలకి 555 రూపాయలు. ముప్పై వేలు నాలుగున్నరేళ్లలో వెనక్కొస్తాయి. అంత ఇవ్వలేమంటారా? సరే. 2021 డిసెంబరులో మన డిస్కంలు సెకీ ద్వారా 7,000 మెగావాట్ల సోలార్ కరెంటు కొనడానికి ఒప్పందం చేసుకున్నాయి. రేటు 2.49, ప్లాంట్లు రాజస్థాన్ లో. రైతులకి పగటిపూట తొమ్మిది గంటలు ఉచితంగా ఇవ్వడానికట. ఆ ఒప్పందం చుట్టూ నడిచిన రాజకీయాల జోలికి నేను వెళ్లను. నా లెక్క వేరు. ఆ 2.49 మా ఊరి వాటాకి ఇచ్చినా నెలకి 299 రూపాయలు వస్తుంది. అంటే సొంత కప్పు మీద పెట్టుకుంటే మిగిలే 147 కి రెండింతలు! రాజస్థాన్ ఎండకి ఇచ్చే ధర ఉద్దానం ఎండకి ఇమ్మంటున్నాను, అంతే.

డిస్కం వైపు నుంచి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. మధ్యాహ్నం కరెంటు దండిగా దొరుకుతుంది, డిమాండు సాయంత్రం ఆరు తర్వాత వస్తుంది. పగటి యూనిట్ కీ రాత్రి యూనిట్ కీ ఒకే విలువ కట్టమనడం కుదరదు. ఒప్పుకుంటాను. కానీ ఈ అభ్యంతరం మేడల మీద నెట్ మీటరింగ్ కి ఇంకా గట్టిగా వర్తిస్తుంది. అక్కడ పగలు గ్రిడ్ కి ఇచ్చిన యూనిట్ 8.75 స్లాబుని కొట్టేస్తోంది. డిస్కం పోగొట్టుకుంటున్నది బాగా కట్టే కస్టమరుని. అదే 1.90 కి కరెంటు ఇస్తే ఏ డిస్కం కీ గిట్టదు, ఆ తేడా ఏటా ప్రభుత్వం సబ్సిడీగా కట్టాల్సిందే. సోలార్ ముందు ఎవరి ఇంటికి వెళ్లాలి అన్నది డిస్కం లాభనష్టాల కోణంలో చూసినా మా రేకుల ఇంటికే అన్న జవాబు వస్తుంది. ఎందుకో ఆ వరస తిరగబడింది.

ఇదంతా అమెరికా, గుజరాత్ కబుర్లని కొట్టిపారేసేవాళ్లకి మన దగ్గరి సంగతి ఒకటి. విజయనగరం జిల్లా భోగాపురం దగ్గర సవరవిల్లి అని ఊరుంది. ఇప్పుడు అంతా ఎయిర్‌పోర్టు గురించే మాట్లాడతారు గానీ, 2018 ప్రాంతంలో ఏపీఈపీడీసీఎల్ అక్కడి ఫీడరు మీద సుమారు 250 వ్యవసాయ పంపుసెట్లని సోలార్ కి మార్చే పైలట్ చేపట్టింది. పాత మోటార్ల స్థానంలో బీఎల్‌డీసీ మోటార్లు (ఇప్పుడు మనం కొనే తక్కువ కరెంటు సీలింగ్ ఫ్యాన్లలో ఉండేది అదే), వాటికి ప్యానెళ్లు, వాడగా మిగిలింది గ్రిడ్ లోకి. ఒక ఇల్లు, ఒక కప్పు అని కాకుండా ఒక ఫీడరు మొత్తాన్ని ఒక యూనిట్ గా చూసిన ఆలోచన. అది చేసింది మన డిస్కమే, మన జిల్లాలోనే. అదే ఆలోచన ఇళ్ల దాకా ఎందుకు రాకూడదు?

ఊరే కరెంటు సంఘం పెట్టుకోవడం కూడా మనకి కొత్త కాదు. తెలంగాణలో సిరిసిల్ల 'సెస్' 1970లో పుట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. విజయనగరం జిల్లాలో చీపురుపల్లి గ్రామీణ విద్యుత్ సహకార సంఘం చీపురుపల్లి, గరివిడి వైపు పల్లెలకి దశాబ్దాల పాటు కరెంటు పంచింది. మా మావగారి తరం వాళ్లకి బిల్లు కట్టే చోటు పేరు ఇప్పటికీ 'ఆర్‌ఈసీఎస్సే'. 2021లో లైసెన్సు మినహాయింపు దగ్గర పేచీ వచ్చి, ఈ సంఘాలని స్వాధీనం చేసుకోమని ఏపీఈఆర్‌సీ డిస్కంలకి ఆదేశాలిచ్చింది. ఆ సంఘాల్లో అంతా సవ్యంగా ఉందని నేను అనను. కానీ తీగలు, స్తంభాలు, బిల్లులు అన్నీ సభ్యుల పేరు మీద నడపగలిగిన చోట, కదిలే భాగాలే లేని ఒక సోలార్ ప్లాంటు నడపలేరా?

మా జిల్లాకి ఇది మామూలు బిల్లు సంగతి కాదు, దానికి వేరే కారణం ఉంది. కరెంటు ప్లాంటు అంటే శ్రీకాకుళం జిల్లాలో రెండు తేదీలు గుర్తొస్తాయి. 2010 జులై 14, సోంపేట. బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు, ఇద్దరు చనిపోయారు. 2011 ఫిబ్రవరి 28, కాకరాపల్లి. మళ్లీ థర్మల్ ప్లాంటు, మళ్లీ కాల్పులు, మళ్లీ ప్రాణాలు పోయాయి. రణస్థలం మండలం కొవ్వాడలో అణు విద్యుత్ ప్లాంటు కోసం ఊళ్ల భూములు తీసుకున్నారు. "అభివృద్ధికి అడ్డం పడేవాళ్లు" అని మన ఐటీ వాళ్లలోనే చాలామంది అప్పట్లో తేలిగ్గా అనేశారు. బీల నీళ్ల మీద బతికే వాడికి ఆ ప్లాంటులో వాటా ఏమిటో ఎవరూ చెప్పలేదు. భూమి వాడిది, బూడిద వాడిది, కరెంటు మాత్రం ఎక్కడికో పోతుంది. తన పేరున నాలుగు ప్యానెళ్లున్న ప్లాంటుని ఊరు అలా చూడదు.

తుపాన్ల మాట కూడా చెప్పాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, స్తంభాలు వరసగా పడిపోయాయి. చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇక్కడ మా టీమ్ వాళ్లకి కూడా తెలియని ఒక విషయం: మామూలు గ్రిడ్ కి కట్టిన సోలార్, గ్రిడ్ పోతే తనూ ఆగిపోతుంది. నెత్తి మీద ఎండ కాస్తున్నా ఒక్క బల్బు వెలగదు. లైను మీద పని చేసే లైన్‌మన్ కి షాక్ కొట్టకూడదని ఇన్వర్టర్ ని అలా తయారు చేస్తారు, అది సరైనదే. ఆగకుండా ఉండాలంటే బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టర్ కావాలి. సూర్యఘర్ సబ్సిడీ బ్యాటరీకి వర్తించదు. ఇంటింటికీ బ్యాటరీ ఎవరూ కొనలేరు, కానీ ఊరికి ఒకటి ఆలోచించొచ్చు. మంచినీళ్ల మోటారు తిరిగి, ఫోన్లు చార్జి అయి, పీహెచ్‌సీలో మందుల ఫ్రిజ్ నడిస్తే తుపాను తర్వాతి వారం వేరేగా ఉంటుంది. గుజరాత్ లో మోధేరాకి 2022లో బ్యాటరీతో సహా పెట్టారు. మోధేరాకి తిత్లీలు కూడా రావు. ఇంకోటి, ఐఎస్ 875 ప్రకారం విశాఖలో ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. దానికి తట్టుకునే స్ట్రక్చరు ఊరికి ఒక చోట గట్టిగా వెయ్యడం తేలికా, ఐదు వందల కప్పుల మీద ఐదు వందల కాంట్రాక్టర్ల చేత వేయించడం తేలికా?

మొదటి కస్టమరు కూడా ఊళ్లోనే ఉన్నాడు, పంచాయతీ. వీధి దీపాలు, నీళ్ల మోటార్లు. 2021లో ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కారు, గుర్తుందా? రోడ్డు వేసుకోవాల్సిన డబ్బు కరెంటు బిల్లుకి పోయింది. 2019 నాటి పీఎం కుసుమ్ పథకంలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకునే అర్హత ఉన్నవాళ్ల జాబితాలో పంచాయతీలూ సహకార సంఘాలూ కూడా ఉన్నాయి. రెండు మెగావాట్లకి ఎనిమిది, పది ఎకరాలు కావాలి, పెట్టుబడి కోట్లలో. ఏ పంచాయతీ దగ్గర ఉంది అంత? బ్యాంకు అప్పుకి ప్రభుత్వం గ్యారంటీ ఇస్తే తప్ప ఆ అర్హత జాబితాలోనే ఉండిపోతుంది.

ఎవరు నడపాలి అన్నదగ్గరే నాకు అన్నిటికంటే ఎక్కువ భయం. మన సహకార సంఘాల చరిత్ర తెలిసిందే. రాష్ట్రంలో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకి 2013లో ఎన్నికలు జరిగాయి, ఆ తర్వాత నామినేటెడ్ కమిటీలతోనే ఏళ్లు గడిచాయి. ప్రభుత్వం మారగానే కమిటీలు మారతాయి. సోలార్ సంఘం కూడా అలా అయితే ఆర్నెల్లలో ప్యానెళ్లు తుడిచేవాడు కూడా ఉండడు. అందుకే నా ఓటు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టానికి. ప్రభుత్వ పెట్టుబడి లేకుండా, ప్రభుత్వం జోక్యం లేకుండా నడుపుకునేందుకు మన రాష్ట్రమే దేశంలో ముందుగా తెచ్చిన చట్టం అది. మనుషుల సంగతంటారా, డ్వాక్రా సంఘాలున్నాయి. 2000లో వెలుగు మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. పాతికేళ్లుగా పొదుపు పుస్తకం తప్పు లేకుండా రాస్తున్న ఆడవాళ్లకి యూనిట్ల లెక్క ఒక లెక్కా?

మరి మనం? డబ్బు పెట్టగలం. తాళం వేసిన ఇంటి కప్పు సంఘానికి వాడుకోమని రాసివ్వగలం. కానీ ఊరికి దూరంగా ఉండి డబ్బు పెట్టేవాళ్లకి ఓట్లు ఎక్కువుండకూడదు, ఎవరెన్ని ప్యానెళ్లు కొన్నా మనిషికి ఒకే ఓటు. లేకపోతే ఎన్నారైలం, హైదరాబాదీలం కలిసి ఊరి ఎండకి కొత్త జమీందార్లమవుతాం. నా హైదరాబాద్ ఫ్లాట్ బిల్లులో మా ఊరి వాటా జమ చెయ్యమని అడగబోవడం లేదు. అది వేరే రాష్ట్రం, వేరే డిస్కం, ఇప్పట్లో తేలదు. జమ అక్కడి మా అమ్మ మీటరుకి వెళ్తే చాలు.

ఏపీఈఆర్‌సీ ఏటా టారిఫ్ ఖరారు చేసే ముందు బహిరంగ విచారణ పెడుతుంది. అభ్యంతరాలూ సూచనలూ రాతపూర్వకంగా ఎవరైనా పంపొచ్చు, పెద్ద లాయరేమీ అక్కర్లేదు. ఈసారి నేను పంపబోయే కాగితంలో మూడు ముక్కలే ఉంటాయి: తక్కువ స్లాబుల ఇళ్లకి సోలార్ వాటా జమ రూపాయల్లో ఇవ్వండి, ఆ రేటు బయటి రాష్ట్రాల సోలార్ కి ఇచ్చే దానికంటే తగ్గకూడదు, మొదటి ఫీడరు సవరవిల్లి లాంటి చోట ఈపీడీసీఎల్ పరిధిలోనే పెట్టండి. ఎక్సెల్ షీటు జత చేస్తాను. అందులో తప్పులుంటే ఇక్కడే చెప్పండి, పంపేలోపు సరిచేస్తా. మీ ఊరి అంకెలు వేసి చూడాలనుకునేవాళ్లకి కావాల్సింది ఒకటే, ఇంట్లో వాళ్లనడిగి పోయిన నెల బిల్లు ఫోటో తెప్పించుకోండి.